కాన్పు అయ్యాక బీపీ తగ్గిపోయింది, గుండె సంగతి మెనోపాజ్ తర్వాత చూసుకోవచ్చా?

మీకు 34 ఏళ్లు, కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చి కాన్పు అయ్యాక తగ్గిపోయింది, అమ్మగారికి 61కే స్టెంట్ వేశారు, నెలసరి ఆగేదాకా ఆడవాళ్లకి గుండె భయం లేదంటున్నారు, నిజమేనా అని అడిగారు. అంతవరకు ఆగకండి. నాదీ ఇంచుమించు ఇదే కథ.

రెండో కాన్పుకి ఎనిమిదో నెలలో వేళ్లు ఎంత వాచాయంటే సబ్బు రాసినా ఉంగరం కదల్లేదు. బీపీ 160/110, యూరిన్‌లో ప్రోటీన్ పోతోంది, ప్రీఎక్లాంప్సియా అన్నారు. బిడ్డ పుట్టాక కొన్ని వారాలకి బీపీ మామూలైంది, ఫైలు బీరువాలోకి వెళ్లింది, ఇక అందరి ధ్యాసా బిడ్డ బరువు మీదే, తల్లి బీపీ చూసే నాథుడు లేడు. 40 దాటాక ఇంకేదో పని మీద వెళితే ఒక డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది కాన్పుల గురించే, బీపీ వచ్చిందా, షుగర్ వచ్చిందా, నెలలు నిండకుండా పుట్టారా అని. ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకి తర్వాత గుండె జబ్బు, పక్షవాతం ముప్పు రానివాళ్లకంటే దాదాపు రెండింతలట. గర్భంలో గుండె మీద, రక్తనాళాల మీద పడే భారం మామూలుది కాదు, లోపల ఉన్న బలహీనత అప్పుడే ఒకసారి బయటపడుతుంది. ఆ రోజు నా బీపీ 148/94, నాకేమో ఏ బాధా తెలియలేదు.

కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, అడక్కపోయినా ఈ సంగతి చెప్పండి. అమ్మకి గానీ అక్కచెల్లెళ్లకి గానీ 65 లోపు గుండె జబ్బు వస్తే అదీ లెక్కలోకి వస్తుంది, అమ్మగారి వయసు కూడా చెప్పండి. ఏడాదికోసారైనా బీపీ చూపించుకోండి, దాంతోపాటు షుగర్, కొలెస్ట్రాల్ ఎన్నాళ్లకోసారి చూడాలో అడగండి. ఇంట్లో బీపీ చూసుకుంటే ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, మాట్లాడకుండా చూడాలి (మా ఇంట్లో ఈ మాట్లాడకుండా అన్నదే కష్టం). మళ్లీ గర్భం అనుకుంటే ముందే చెప్పండి, చాలామందికి తక్కువ డోసు ఆస్పిరిన్ 16 వారాల లోపే మొదలుపెడతారు, కొన్ని బీపీ మాత్రలు మార్చాల్సి వస్తుంది. గర్భనిరోధక మాత్రలకీ అంతే, వాటిలో కొన్ని బీపీని పెంచుతాయి, సిగరెట్ కూడా తోడైతే మరీ ప్రమాదం.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, ఉప్పు తగ్గించడం అందరికీ తెలిసినవే, కొత్తగా చెప్పేదేం లేదు.

మెనోపాజ్ దగ్గరపడ్డాక చెడు కొలెస్ట్రాల్ గబగబా పెరుగుతుంది, అదివరకు బాగున్న రిపోర్టు చూసుకుని ధీమాగా ఉండకూడదు. 45 లోపే నెలసరి ఆగినా, అండాశయాలు తీసేసినా ముప్పు ఇంకాస్త ఎక్కువ. హార్మోన్ మాత్రలు గుండెని కాపాడతాయని ఒకప్పుడు అనుకునేవారు గానీ 2002లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన దాన్ని తలకిందులు చేసింది. ఒంట్లో ఆవిర్లు భరించలేకపోతే డాక్టరుతో మాట్లాడి వాడొచ్చు, గుండె కోసమని మాత్రం కాదు.

అమ్మగారి విషయంలో ఒక్కటి. గుండెపోటులో ఛాతీ నొప్పి ఆడవాళ్లకీ వస్తుంది, కానీ దానితో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, వాంతి వచ్చేట్టుండటం, దవడలోనో వీపులోనో నొప్పి, చల్లటి చెమటలు ఉంటాయి. గ్యాస్ అయి ఉంటుందిలే అని ఆవిడే అన్నా వినకండి, వెంటనే అంబులెన్స్ పిలవండి.