డాబా మీద పాటలు పెట్టబోతున్న మా మేనల్లుడికి

చిన్నోడా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి అరగంట సేపు నీ మీద ఫిర్యాదే చెప్పాడు. బ్యాంకు పరీక్షల పుస్తకాలు పక్కన పడేసి, ప్రతి ఆదివారం సాయంత్రం స్నేహితుల్ని డాబా మీద కూర్చోబెట్టి, నువ్వు కొత్తగా విన్న ఆల్బమ్ మొదట్నుంచి చివరిదాకా వినిపిస్తావట. పైగా చుట్టాల గ్రూపులో వారానికి రెండు పాటలు పెడతావట. "వీడికి బావ పిచ్చి అంటుకుందక్కా" అన్నాడు. నేను బాధగా తల ఊపాను, ఫోన్లో తల ఊపితే ఎవడికి కనపడుద్దిలే. లోపల మాత్రం సంతోషంగానే ఉంది. భయమూ ఉంది. నోటితో చెబితే "సరే అత్తా, సరే సరే" అని మధ్యలోనే పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

చిన్న చిన్నవి ముందే చెప్పేస్తా. డాబా మీద దోమలుంటాయి, చుట్టూ చేపల చెరువులాయె, దోమల చుట్టలు వెలిగించి పెట్టు. స్పీకరు చార్జింగు మధ్యాహ్నమే పెట్టుకో, సాయంత్రం కరెంటుని నమ్మకు. తొమ్మిదిన్నర దాటితే సౌండు తగ్గించు, పక్కింట్లో పసిపిల్ల ఉంది. గ్రూపులో ఒక్క పాటే పెట్టు, రెండొద్దు. పది మందిలో ఎనిమిది మంది వినరు, దానికి ముఖం ముడుచుకోకు.

ఆ ముఖం ముడుచుకోవడం దగ్గరే మీ మావయ్య గుర్తొస్తారు.

ఎనభైల మధ్యలో రాజోలు సెంటర్లో ఆయన క్యాసెట్ రికార్డింగ్ కొట్టు పెట్టినప్పుడు నువ్వు పుట్టలేదు సరే, మీ నాన్నకి ఇంకా పెళ్లే కాలేదు. జనం ఖాళీ క్యాసెట్టూ, పాటల చీటీ ఇచ్చి వెళ్లేవారు. సాయంత్రానికి ఎక్కించి ఇవ్వాలి. లోపలి అట్ట మీద పాటల పేర్లు రాయడం నా పని. నా దస్తూరి కోసమే వచ్చేవాళ్లు కూడా ఉండేవారు, నవ్వకు. సిక్స్టీ క్యాసెట్ అంటే ఒక్కో వైపు 30 నిమిషాలు. సినిమా పాటలు ఆరో ఏడో పడతాయి, చివర్న రెండు మూడు నిమిషాలు మిగిలిపోతుంది. వేరే కొట్లవాళ్లు అది ఖాళీగా వదిలేసేవారు. మీ మావయ్యకి మాత్రం ఆ మిగిలిన ముక్కే ముఖ్యం. ఆ వారం ఆయనకి కొత్తగా నచ్చింది ఏదుంటే అది అక్కడ ఎక్కించి పంపేవారు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు, దానికి డబ్బులూ లేవు. వారం తర్వాత ఎవరో ఒకరు వచ్చి "చివర్న ఒకటి వచ్చిందండి, అదేంటండి" అని అడిగితే చాలు, ఆ రోజు కొట్టు బేరం ఎలా ఉన్నా ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చేవారు.

ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' అని 1986లో ఒక ఆల్బమ్ తెచ్చారు కదా, త్యాగరాజ స్వామికీ, పాతకాలపు జర్మనీ సంగీతకారుడు బాఖ్‌కీ అంకితం ఇచ్చారు. వయొలిన్ వి.ఎస్. నరసింహన్. అందులో సినిమా లేదు, మాటల్లేవు. మీ మావయ్యకి ఆ వయొలిన్ వింటే ఒళ్లు తెలిసేది కాదు. ఆ నెలలో రాజోలు తాలూకాలో సగం క్యాసెట్ల చివర్న అదే. ఒకాయన తిరిగొచ్చి "రికార్డింగు పాడైందండి, చివరి పాటలో గొంతు పడలేదు" అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తాను. ఈయనకి మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు. అందుకే నీకు చెప్పేది, వినేవాళ్ల ముఖాలు చూస్తూ కూర్చోకు. పాట వెళ్తుంటే నువ్వూ కళ్లు మూసుకుని విను. "ఇప్పుడొస్తుంది చూడండి, ఇదిగో ఇక్కడ" అని మాత్రం అనకు, దణ్ణం పెడతాను.

ఇక అసలు సంగతి. మీ మావయ్య దీన్ని ఎవరికీ చెప్పుకోలేదు, నీకు చెప్పమని ఆయనే అన్నారు.

మన వైపు నుంచి ఆడవాళ్లు కువైట్‌కీ, మస్కట్‌కీ ఇంటి పనులకి వెళ్లడం అప్పట్లోనే ఉంది. ఫోన్లు ఎక్కడివి? మాటలు క్యాసెట్టులో పెట్టి ఊరొచ్చే వాళ్ల చేత పంపేవారు. ఒక ముసలావిడ అలాంటి క్యాసెట్ పట్టుకొచ్చింది. కూతురు కువైట్‌లో, మనవరాలు ఈవిడ దగ్గర. "ఒకవైపు మా అమ్మాయి మాటలున్నాయి బాబూ, అటు ముట్టుకోకు. రెండోవైపు ఖాళీయే, పిల్లకి రెండు పాటలు ఎక్కించు" అంది. మీ మావయ్య రెండోవైపు పెట్టి చూశారు, సుయ్ మని ఖాళీ శబ్దమే. సరే అని రెండు పాటలూ ఎక్కించారు. పది నిమిషాలైంది. ఇంకా 20 నిమిషాల టేపు మిగిలి ఉంది. ఆయనకి అప్పుడు చిట్టిబాబు గారి వీణ పిచ్చి పట్టి ఉంది. కాకినాడలో పుట్టిన మనిషి, వీణ మీద కోయిలని కూయించేవారు. పాపం పిల్ల ఏం వింటుందిలే ఆ రెండు పాటలే తిప్పి తిప్పి, అని టేపు చివరి దాకా వీణ నింపేశారు. డబ్బులు రెండు పాటలకే తీసుకున్నారు.

నాలుగు రోజుల తర్వాత ఆ పిల్ల వచ్చింది. స్కూలు గౌను మీదే ఉంది, ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో, క్యాసెట్టు రెండు చేతుల్తో పట్టుకుని. "మా అమ్మ మాట్లాడే చోట వీణ వస్తోందండి" అంది.

ఏం జరిగిందంటే, వాళ్లమ్మ మొదటి వైపు 20 నిమిషాలు తల్లితో మాట్లాడి, టేపు చివరి దాకా పోకుండానే క్యాసెట్టు తిరగేసింది. అలా తిప్పితే రెండోవైపు మొదటి పది నిమిషాలు ఖాళీగానే ఉంటాయి, ఆ తర్వాత్నుంచి మాట పడుతుంది. అక్కడ కూతురికి విడిగా ఏదో చెప్పుకుంది. ముసలావిడకి మిషను సంగతులు తెలియవు. పిల్లకి తెలుసు, ఆ చోటు పిల్ల ఒక్కతే వినేది. అడిగిన రెండు పాటలతో ఆగిపోయి ఉంటే ఆ మాటలు అలాగే ఉండేవి, రెండో పాట అయిపోయాక వాళ్లమ్మ గొంతు వచ్చేది. ఆయనకి నచ్చిన వీణ వెళ్లి దాని మీద పడింది. టేపు మీద కొత్తది పడితే పాతది ఉండదు, ఎన్నిసార్లు తిప్పినా ఉండదు. ఆయన తిప్పి తిప్పి చూశారు. పిల్ల బల్ల పట్టుకుని నిలబడే ఉంది.

మర్నాడు ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. ఆ ముసలావిడ మంచినీళ్లిచ్చి, "పోనీలే బాబూ, వీణ కూడా బాగుంది" అంది. తిట్టి ఉంటే మీ మావయ్య ఎప్పుడో మర్చిపోయేవారు.

కొన్ని నెలలకి వాళ్లమ్మ మళ్లీ వేరే క్యాసెట్ పంపిందని తెలిసింది. కానీ అవే మాటలు మళ్లీ ఎవరు చెప్పగలరు చెప్పు. అప్పట్నుంచి ఈయన అడక్కుండా ఒక్క సెకను కూడా నింపలేదు. "చివర్న కాస్త మిగిలిందండి, నాకు ఈమధ్య నచ్చింది ఒకటుంది, పెట్టనా?" అని అడిగేవారు. నూటికి తొంభై మంది పెట్టమనే అన్నారు. ముందు తెలియలేదు అంతే. మన గోదావరి వాళ్లం వద్దన్నా విస్తట్లో వడ్డించేస్తాం కదా, ఆ అలవాటు పాటల దగ్గర పనికిరాదు.

నువ్వంటావు, అత్తా నేను పంపేది లింకు, దాంతో ఎవరి గొంతూ చెరిగిపోదని. చెరిగిపోదు. మరి మొన్న ఏం చేశావురా? మీ పెదనాన్న పదకొండో రోజు కబురు గ్రూపులో పెట్టిన పావుగంటకి నువ్వు ఆ డ్రమ్ముల పాట పడేశావు. దాని కింద నీ స్నేహితుడెవరో నిప్పు బొమ్మలు పెట్టాడు. దినం కబురు పైకి పోయింది, మీ పిన్ని అసలు చూడనేలేదు, భోజనాల వేళకి ఫోన్ చేసి ఏడ్చింది. నువ్వు కావాలని చేయలేదు, నాకు తెలుసు. పాట బాగుంది కూడా, నేను తర్వాత రెండుసార్లు విన్నాను. కానీ పంపే ముందు ఆ గ్రూపులో పైన ఏముందో ఒక్కసారి చూసుకో నాన్నా. ఘంటసాల గారి భగవద్గీత ఎంత గొప్పగా ఉంటుంది, కానీ పొద్దున్నే మైకులో అది వినపడితే "ఎవరు పోయారు" అనే కదా అందరం వీధిలోకి వస్తాం. ఏ ఇంట్లో ఏ పాట దేనితో ముడిపడి ఉందో బయటివాళ్లకి తెలియదు. అడిగితే వాళ్లే చెబుతారు.

ఇంకోటి, 'కనిపెట్టాను' అనకు. మొన్న పండక్కి వాయిస్ పెట్టావు కదా, "అత్తా, ఎవ్వరికీ తెలియని ఆల్బమ్ కనిపెట్టాను" అని, తీరా చూస్తే మాండలిన్ శ్రీనివాస్. మీ పాలకొల్లులో 1969లో పుట్టిన మనిషిరా బాబూ! చించినాడ వంతెన లేని రోజుల్లో మీ మావయ్య రేవు దాటి మీ ఊరొచ్చి, ఆయన కచేరీ క్యాసెట్ల కోసం కొట్లన్నీ తిరిగేవారు. అయితే ఒప్పుకుంటాను, మాకు తెలిసింది ఆయన వాయించిన కీర్తనలే. నువ్వు పంపిన ఆ 1995 నాటి 'డ్రీమ్', కెనడా గిటారు ఆయన మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసింది, మేమిద్దరం ఎప్పుడూ వినలేదు. రాత్రి భోజనాలయ్యాక పెట్టుకున్నాం. మీ మావయ్య మొదట "ఇదేం కలగాపులగం" అన్నారు, తర్వాత మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నారు. అంటే నీ వల్ల మాకు కొత్త పాట దొరికింది. అది చాలదూ? మీ ఊరి వాళ్లకి వినిపించేటప్పుడు శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజు గారి సంగతి కూడా చెప్పు. ఆయనకి మాండలిన్ రాదట, తను పాడితే పిల్లాడు అది విని తీగల మీద పలికించేవాడట. ఇలాంటిది ఒక్క ముక్క చెబితే వినేవాడి చెవి మారిపోతుంది. పెద్ద ఉపన్యాసం మాత్రం వద్దు.

పేర్లు చెప్పు. ఇది నా పిచ్చి అనుకో, ఏళ్ల తరబడి అట్టల మీద పేర్లు రాసిన చెయ్యి. మనవాళ్లకి వేటూరి రాసి, ఇళయరాజా కట్టి, బాలు పాడినా అది 'చిరంజీవి పాట'. శంకరగుప్తం మా పక్కూరే, బాలమురళీకృష్ణ గారు అక్కడ పుట్టారని మా వీధి పిల్లలకి చెబితే "ఎవరండీ" అన్నారు. ఎవరు పాడారు, ఎవరు కట్టారు, ఎవరు వాయించారు, ఏ సంవత్సరం, ఈ నాలుగూ ఒక నోటుబుక్కులో రాసుకో. ఫోన్లో కాదు, పుస్తకంలో. 1996 నవంబరు తుపానుకి కొట్టు రేకులు లేచిపోయి, క్యాసెట్లన్నీ తడిసి, తర్వాత టేపు మీద తెల్లబూజు పట్టి పనికిరాకుండా పోయాయి. పాటల పేర్లు రాసుకున్న నా లెక్కల పుస్తకం మాత్రం ఇంట్లో ఉండబట్టి బతికింది. అందులో చూసుకునే మీ మావయ్య ఇప్పటికీ యూట్యూబులో పాటలు వెతుక్కుంటారు.

నాకు అన్నిటికన్నా భయం వేరే ఉంది. ప్రతి వారం కొత్తది చూపించాలి అని పెట్టుకుంటే వినడం పోయి వెతకడం మిగులుతుంది. కొట్టు చివరి రోజుల్లో ఈయనకి అదే పట్టింది. క్యాసెట్టు పెట్టడం, కాసేపు వినడం, తీసెయ్యడం, ఇంకోటి. నువ్వే చెప్పావు, స్పాటిఫైలో 30 సెకన్లు వింటే విన్నట్టు లెక్క వేస్తారని. 30 సెకన్లలో ఆలాపన కూడా అవదు కదరా. నీకు ఒక ఆల్బమ్ నచ్చితే రెండు మూడు వారాలు నీ దగ్గరే ఉంచుకో. వంటింట్లో విను, బస్సులో విను, విసుగు పుట్టాక కూడా విను. ఆ తర్వాత కూడా నచ్చితే అప్పుడు డాబా మీదకి తీసుకెళ్లు. చెప్పుకోవడానికి ఏమీ లేని ఆదివారం వస్తే పాతదే మళ్లీ పెట్టు, లేదా స్నేహితుల్ని వాళ్లకి నచ్చింది తెమ్మను. ఎంతసేపూ నీదేనా ఏంటి?

పరీక్షల సంగతి మీ నాన్నకి నేను సర్ది చెబుతాను, కానీ జూన్ లోపు ఒక్కటైనా రాసి చూపించు, లేకపోతే నా మాటకి విలువుండదు. ఈ ఆదివారం ఏం పెడుతున్నావో శుక్రవారానికి నాకు చెప్పు, ఇక్కడ మేమూ అదే పెట్టుకుంటాం. మీ మావయ్య వినికిడి మిషను బ్యాటరీలు అయిపోయాయి, ఇక్కడ మందుల షాపులో లేవంటున్నారు. పాలకొల్లులో దొరికితే రెండు పట్టీలు తీసి, మన వైపు వచ్చేవాళ్లెవరైనా ఉంటే ఇచ్చి పంపు, డబ్బులు ఫోన్‌పే చేస్తాను. బ్రౌన్ రంగు కాగితం అంటించి ఉండేవే తీసుకో, పసుపు రంగువి దీనికి పట్టవు.

మీ అత్త