సుప్రీంకోర్టు వినని కేసు గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఎత్తుగడ బాగుంది, భాషలో తడబాటు లేదు. కానీ ఆరో పేరాలో ఒక్క వాక్యం మొత్తాన్నీ ముంచుతోంది: "సుప్రీంకోర్టు ఎస్‌ఎల్‌పీని కొట్టేయడంతో హైకోర్టు తీర్పు సరైనదేనని తేలిపోయింది." ఏమీ తేలలేదు. సుప్రీంకోర్టు ఆ తీర్పు జోలికే పోలేదు. పత్రికల్లో ఈ తప్పు రోజూ కనిపిస్తుంది, "సమర్థించిన సుప్రీం" అని శీర్షికతో సహా. నువ్వు ఎంచుకున్న విషయమే అత్యున్నత న్యాయస్థానం వినని వివాదాలు కాబట్టి, నీకు మాత్రం ఈ తప్పు చెల్లదు.

ముందు ఎస్‌ఎల్‌పీ, అంటే స్పెషల్ లీవ్ పిటిషన్, ఏమిటో సరిగ్గా పట్టుకో. రాజ్యాంగం 136వ అధికరణం కింద వేసే ఈ పిటిషన్ అప్పీలు కాదు, అప్పీలు చేసుకోనివ్వండి అని అడిగే అర్జీ. హైకోర్టు తీర్పు వచ్చిన 90 రోజుల్లో వేయాలి. హైకోర్టు అప్పీలుకు సర్టిఫికెట్ నిరాకరించి ఉంటే, ఆ నిరాకరణ నుంచి 60 రోజులు. సాధారణంగా ఇద్దరు జడ్జిల బెంచి ముందుకు వస్తుంది, చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది. జడ్జిలు "లీవ్ గ్రాంటెడ్" (అనుమతి ఇచ్చాం) అంటేనే అది అప్పీలుగా మారి సివిల్ అప్పీల్ లేదా క్రిమినల్ అప్పీల్ అని కొత్త నంబరు తెచ్చుకుంటుంది. అందుకే కేసు వివరాలు చేతికి రాగానే నంబరు చూడు. ఆఖరి వరకూ ఎస్‌ఎల్‌పీ నంబరుతోనే ఉండిపోయి, కారణాల్లేకుండా "డిస్మిస్డ్" అని ఉంటే అది గేటు దగ్గరే ఆగిపోయిన కేసు.

అలా ఆగిన కేసుకు ఉన్న విలువేమిటో 2000లో కున్హయమ్మద్ వర్సెస్ కేరళ ప్రభుత్వం కేసులో ముగ్గురు జడ్జిల బెంచి విడమరిచి చెప్పింది. కారణాలు చెప్పకుండా ఎస్‌ఎల్‌పీని కొట్టేస్తే హైకోర్టు తీర్పు సుప్రీం తీర్పులో విలీనం కాదు, హైకోర్టు తీర్పుగానే మిగులుతుంది. అది 141వ అధికరణం కింద దేశమంతా పాటించాల్సిన చట్టం కూడా కాదు. ఓడినవాడు మళ్లీ హైకోర్టుకే వెళ్లి రివ్యూ అడగొచ్చు. కొట్టేస్తూ కారణాలు రాస్తే మాత్రం, అందులో చట్టం గురించి చెప్పిన మాట అందరికీ వర్తిస్తుంది, విలీనం అప్పటికీ ఉండదు. 2019లో ఖోడే డిస్టిలరీస్ కేసులో మళ్లీ ముగ్గురు జడ్జిలు ఇదే ఖాయం చేశారు. కాబట్టి నీ వాక్యం ఇలా ఉండాలి: "ఎస్‌ఎల్‌పీని సుప్రీంకోర్టు కారణాలు చెప్పకుండా తోసిపుచ్చింది. హైకోర్టు తీర్పు ఆ పక్షాల మధ్య అలాగే నిలిచింది." పస తగ్గినట్టు అనిపిస్తుంది. తగ్గనీ.

వెబ్‌సైట్‌లో కేస్ స్టేటస్ చూసి ఊరుకోకు, ఆర్డర్ కాపీ తెరువు. అర పేజీయే ఉంటుంది కానీ అందులో ఒక్కో మాటా ఒక్కో కథ. గడువు దాటాక వేసిన పిటిషన్‌ను ఆలస్యం మన్నించబోమని కొట్టేస్తే, కేసులో పస ఉందో లేదో ఎవరూ చూడలేదన్నమాట. "ఇన్‌ఫ్రక్చువస్" అంటే తగువే మిగల్లేదు: చట్టం మారిందో, పదవీకాలం అయిపోయిందో, చదువు పూర్తయిందో. "క్వశ్చన్ ఆఫ్ లా కెప్ట్ ఓపెన్" అని ఉంటే ఎర్రపెన్సిలుతో గీత గీసుకో. ఈ కక్షిదారుకు ఉపశమనం ఇవ్వలేదు, ప్రశ్నను మాత్రం ఇంకో రోజుకు దాచారు అని దానర్థం. వార్తల్లో ముందు ఎగిరిపోయే వాక్యం అదే. ఇక "విత్‌డ్రాన్". దీన్ని ఓటమి అని రాసేస్తారు. కృష్ణా జలాలపై మళ్లీ పంపిణీ కోరుతూ తెలంగాణ 2015లో సుప్రీంకోర్టుకు వెళ్లి, 2021లో ఆ పిటిషన్‌ను వెనక్కి తీసుకుంది. కేంద్రం ట్రిబ్యునల్‌కు నివేదిస్తామంది గనుక తీసుకుంది. 2023 అక్టోబరులో కృష్ణా జలాల వాటాలు తేల్చే బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్‌కు కేంద్రం అదనపు విచారణాంశాలు ఇచ్చింది. వెనక్కి తగ్గిన పక్షమే కోరింది సాధించుకున్న ఉదాహరణ ఇది.

ఇక నీ వ్యాసానికి గుండెకాయ కావాల్సిన కేసును ఒక్క వాక్యంలో దాటేశావు. టి. సరిత వర్సెస్ టి. వెంకటసుబ్బయ్య, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 1983 జులై 1. దాంపత్య హక్కుల పునరుద్ధరణ, అంటే భార్య తిరిగి కాపురానికి రావాలన్న ఉత్తర్వు, కోరుతూ భర్త కడప సబ్ కోర్టులో పిటిషన్ వేశాడు. ఆ కోర్టుకు విచారణ పరిధి లేదని భార్య అభ్యంతరం చెబితే కింది కోర్టు తోసిపుచ్చింది, ఆ ఉత్తర్వును సరిచూడమంటూ ఆమె హైకోర్టుకు రివిజన్‌కు వచ్చింది. పరిధి తగువుగా మొదలైన రివిజన్‌లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఈ పునరుద్ధరణకు వీలిచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌నే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టం లేని స్త్రీని కోర్టు డిక్రీతో భర్త దగ్గరికి పంపడమంటే ఆమె శరీరంపై నిర్ణయాధికారాన్ని రాజ్యం లాక్కోవడమేనని, అది 21వ అధికరణం ఇచ్చే ఏకాంత హక్కును (ప్రైవసీని) హరిస్తుందని ఆయన తర్కం. ఏకాంత హక్కు ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది జడ్జిలు తేల్చింది 2017లో. ముప్ఫై నాలుగేళ్ల తేడా గమనించు.

ఈ తీర్పు మీద అప్పీలు పైకి పోలేదు. అయినా ఏడాది తిరిగేసరికి తీర్పు పోయింది. 1983 నవంబరులో ఢిల్లీ హైకోర్టు హర్వీందర్ కౌర్ కేసులో దీనితో విభేదించింది. 1984 ఆగస్టు 8న సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఢిల్లీ పక్షం వహించి, సరిత తీర్పును ఒప్పుకోలేమంది. డిక్రీని అమలు చేయించుకోవాలన్నా సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డర్ 32వ రూల్ కింద ఆస్తి జప్తే గానీ మనిషిని లాక్కెళ్లడం లేదు కదా అంది.

ఇక్కడ ఆగి ఆ రెండు కేసుల వాస్తవాలు పక్కపక్కన పెట్టు. సరిత కేసులో పునరుద్ధరణ అడిగింది భర్త, వద్దన్నది భార్య. సరోజ్ రాణి కేసులో అడిగింది భార్యే. భర్త ఒప్పుకున్నాడు, డిక్రీ వచ్చింది, ఏడాది గడిచాక కలిసి కాపురం లేదంటూ ఆ డిక్రీనే చూపించి విడాకులు అడిగాడు. అంటే "నాకీ కాపురం వద్దు" అన్న స్త్రీ ప్రశ్నకు జవాబు, "నా భర్త నాకు కావాలి" అన్న స్త్రీ కేసులో వచ్చింది. వినని కేసు వల్ల పోయేది తీర్పొక్కటే కాదు, ఆ ప్రశ్నను పుట్టించిన వాస్తవాలు కూడా. నీ వ్యాసంలో ఇంత బలమైన పాయింటు ఇంకోటి లేదు, దీనికి రెండు పేజీలు ఇవ్వు. 9వ సెక్షన్‌ను సవాలు చేస్తూ 2019లో లా విద్యార్థులు సుప్రీంలో వేసిన పిటిషన్ సంగతి కూడా అక్కడే కలుపు.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన గురించి రాసిన పేరా పరవాలేదు గానీ "సుప్రీంకోర్టు వినలేదు" అన్న మాట తప్పు. విన్నది. జిల్లా కోర్టు 1987 డిసెంబరులో రూ.350 కోట్ల మధ్యంతర పరిహారం అంటే, మధ్యప్రదేశ్ హైకోర్టు 1988 ఏప్రిల్‌లో రూ.250 కోట్లకు తగ్గించింది. ఆ మధ్యంతర మొత్తంపై అప్పీళ్లు వింటూ ఉండగానే 1989 ఫిబ్రవరి 14న 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. వినంది ఏమిటంటే: ఆ ఫ్యాక్టరీ వెనకున్న అమెరికా కంపెనీ యూనియన్ కార్బైడ్ బాధ్యత ఎంత, ఏ సూత్రం మీద? ప్రమాదకర పరిశ్రమకు సంపూర్ణ బాధ్యత అనే సూత్రాన్ని 1986 డిసెంబరులో ఓలియం గ్యాస్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, కానీ దాన్ని కార్బైడ్ మీద పెట్టి చూసే అవకాశం రాజీతో పోయింది. అమెరికా వైపూ ఇంతే. అక్కడ న్యూయార్క్ జడ్జి కీనన్ 1986లో కేసును భారత్‌కు పంపేశారు, 1987లో అమెరికా సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. రెండు దేశాల అత్యున్నత కోర్టుల దాకా వెళ్లిన వివాదంలో అసలు ప్రశ్న మాత్రం ఏ ఒక్కదాని ముందూ తీర్పుకు రాలేదు. 2023 మార్చి 14న కొట్టేసిన క్యూరేటివ్ పిటిషన్ (రివ్యూ కూడా అయ్యాక మిగిలే ఆఖరి అర్జీ) కూడా రాజీ మొత్తం పెంచమన్నదే.

ఇలాంటిదే నిజాం డబ్బు. 1948 సెప్టెంబరు 20న లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న నిజాం ప్రభుత్వ సొమ్ము 10,07,490 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ రహీమ్‌తులా పేరు మీదికి మారాయి. వారానికే నిజాం వెనక్కి ఇవ్వమన్నాడు. 1957లో అప్పటి బ్రిటన్ అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది ఒక్కటే: పాకిస్తాన్ సార్వభౌమ దేశం, దాని మీద దావా నడవదు. డబ్బు ఎవరిదో చూడలేదు. 2013లో పాకిస్తానే కోర్టుకెక్కడంతో ఆ రక్షణ పోయింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు జడ్జి ఒకాయన భారత ప్రభుత్వానికి, నిజాం వారసులకు అనుకూలంగా తీర్పిచ్చాడు. అప్పటికి సొమ్ము సుమారు 3.5 కోట్ల పౌండ్లు. ఇది నీ వ్యాసంలో లేదు, ఒక పేరా పెట్టు. హైదరాబాద్ పాఠకుడు వదలకుండా చదువుతాడు.

రాష్ట్రాల మధ్య నదీ జలాల వివాదాల దగ్గర ఇంకో జాగ్రత్త. "262వ అధికరణం, 1956 చట్టం 11వ సెక్షన్ ప్రకారం సుప్రీంకోర్టుకు అధికారమే లేదు" అని రాశావు. చట్టం మాట అదే, కోర్టు నడిచిన తోవ వేరు. ట్రిబ్యునల్ తీర్పు మీద 136 కింద అప్పీలు వినొచ్చని 2016 డిసెంబరులో కావేరీ కేసులో చెప్పి, 2018 ఫిబ్రవరిలో కర్ణాటకకు 14.75 టీఎంసీలు పెంచింది. బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ తీర్పును గెజిట్‌లో ప్రచురించొద్దని 2011లో ఆపింది కూడా సుప్రీంకోర్టే. కాబట్టి "మొదటి విచారణకు అధికారం లేదు" అని రాయి, చాలు.

చివరికి ఒక పని. రాతప్రతిలో "వినలేదు" అన్న మాట వెతుకు, నాకు పద్నాలుగు చోట్ల కనబడింది. ప్రతిచోటా దాన్ని కొట్టేసి జరిగింది రాయి: గడువు దాటింది, అనుమతి ఇవ్వలేదు, వెనక్కి తీసుకున్నారు, రాజీ పడ్డారు, అసలు ఎవరూ వెళ్లలేదు. ఏదో తెలియకపోతే ఆ కేసునే తీసెయ్యి. జడ్జిలు "భయపడి", "తప్పించుకుని" అన్న రెండు మాటలు కూడా తీసెయ్యి, అర పేజీ ఆర్డర్‌లో మనసు కనిపించదు. తొమ్మిదో పేరాలో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది 800 టీఎంసీలని, పదకొండో పేరాలో 811 అని ఉంది. రెండూ తప్పు కాదు, పునరుత్పత్తి జలాలు (వాడాక తిరిగి నదిలోకి చేరే నీళ్లు) 11 కలిపితే 811. పాఠకుడికి ఆ సంగతి చెప్పకపోతే లెక్క రాదనుకుంటాడు. సవరించాక ఆర్డర్ కాపీలతో సహా పంపు, కాపీలు లేకుండా ఈసారి చదవను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య