ఒక్క దొంగతనంతో పేరొచ్చిన రాబర్ట్స్ కోచ్ ఎలా అయ్యాడు?

ప్రశ్న: అమెరికా బేస్‌బాల్‌లో డాడ్జర్స్ జట్టు మేనేజర్ (అంటే ప్రధాన కోచ్) డేవ్ రాబర్ట్స్ ఆటగాడిగా అంత గొప్పవాడేం కాదని, ఒక్క బేస్ దొంగిలించి పేరు తెచ్చుకున్నాడని విన్నాను. నిజమేనా? అలాంటి మనిషికి అంత పెద్ద జట్టును ఎలా అప్పగించారు?

జవాబు: నిజమేనండీ. పదేళ్ల కెరీర్‌లో ఆయన కొట్టిన హోమ్‌రన్లు (మన సిక్సర్ లాంటివి) 23 మాత్రమే. బలమంతా కాళ్లలోనే ఉంది. బ్యాటింగ్ జట్టు ఆటగాడు వరుసగా మూడు బేస్‌లు దాటి, మొదలుపెట్టిన చోటైన హోమ్‌కి తిరిగొస్తేనే ఒక పరుగు. ఒక బేస్ మీదున్నవాడు, పిచర్ (మన బౌలర్ లాంటివాడు) బ్యాటర్‌కి బంతి విసిరే క్షణాన్ని పసిగట్టి, ఆ బంతి తిరిగొచ్చేలోపు 90 అడుగుల దూరంలోని తర్వాతి బేస్ చేరుకోవడమే బేస్ దొంగిలించడం. అలా 243 సార్లు చేశాడు.

అందరూ చెప్పుకునేది 2004 అక్టోబర్‌లో, బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో జరిగింది. నాలుగు గెలిచినవాళ్లదే అయిన సిరీస్‌లో, యాంకీస్ చేతిలో రాబర్ట్స్ జట్టు రెడ్‌సాక్స్ అప్పటికే మూడు మ్యాచ్‌లు ఓడింది, నాలుగోది కూడా 4-3తో చేజారుతోంది, చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, బంతి యాంకీస్ పిచర్ మరియానో రివెరా చేతిలో. ఫస్ట్ బేస్ చేరిన కెవిన్ మిల్లార్ బదులు రాబర్ట్స్‌ని పంపారు. ఎందుకు పంపారో స్టేడియంలో తెలియనివాళ్లు లేరు. రివెరా వరుసగా మూడుసార్లు ఫస్ట్ బేస్‌కే విసిరి ఆపాలని చూశాడు. అప్పటిదాకా బెంచీ మీదే ఉన్న రాబర్ట్స్‌కి ఆ మూడింటితోనే టెన్షన్ దిగి, ఆటలో పడ్డట్టయింది. తర్వాతి బంతి బ్యాటర్‌కి వెళ్లడం, ఈయన పరుగందుకుని ముందుకు దూకడం, యాంకీస్ ఫీల్డర్ జెటర్ గ్లవ్ తగిలేలోపే చెయ్యి సెకండ్ బేస్ మీద పడడం! ఆ బ్యాటర్ సింగిల్ (ఫస్ట్ బేస్ దాకా చేర్చే దెబ్బ) కొడితే హోమ్ చేరి స్కోరు సమం చేశాడు. ఆ మ్యాచ్, ఆ సిరీస్, ఆపైన 1918 తర్వాత తొలి వరల్డ్ సిరీస్ (సీజన్ ఫైనల్) కూడా రెడ్‌సాక్స్‌వే. ఆ వరల్డ్ సిరీస్‌లో మాత్రం రాబర్ట్స్‌కి ఒక్క అవకాశమూ రాలేదు.

నన్నడిగితే మీ రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. 1962లో 104 బేస్‌లు దొంగిలించిన మోరీ విల్స్ అంతకుముందు డాడ్జర్స్‌లో ఆడుతున్న రాబర్ట్స్‌కి మెళకువలు నేర్పుతూ, నువ్వు పరుగెత్తుతావని అందరికీ తెలిసినా పరుగెత్తక తప్పని రోజొకటి వస్తుందని చెప్పి సిద్ధం చేశాడు. ఆ గౌరవంతోనే రాబర్ట్స్ ఇప్పటికీ విల్స్ నంబర్ 30 వేసుకుంటాడు. పిచర్ భుజం, కాలు కదిలే తీరు గంటల తరబడి గమనిస్తేనే బతుకుతెరువు దొరికే ఆటగాడు అందరికంటే ఎక్కువ ఆట చూస్తాడు, కోచ్‌కి కావలసిందీ అదే.

2010లో హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. తట్టుకుని, 2011లో పాడ్రెస్ జట్టుకి ఫస్ట్ బేస్ కోచ్, ఆ తర్వాత బెంచ్ కోచ్ (మేనేజర్‌కి సహాయకుడు) అయ్యాడు. 2015 చివర్లో డాడ్జర్స్ మేనేజర్‌గా పిలిచింది. 2020, 2024, 2025లో వరల్డ్ సిరీస్ గెలిపించాడు.

తిట్లూ తక్కువేం తినలేదు. 2022 ఏప్రిల్‌లో డాడ్జర్స్ పిచర్ క్లేటన్ కెర్షా ఏడు ఇన్నింగ్స్‌ల పాటు ఒక్కరినీ బేస్ ఎక్కనివ్వకుండా 80 బంతులు వేశాక, తొమ్మిదీ అలాగే ముగించే అరుదైన చరిత్ర రెండు ఇన్నింగ్స్‌ల దూరంలో ఉండగా రాబర్ట్స్ ఆపేశాడు. అభిమానులు మండిపడ్డారు, కెర్షా మాత్రం అది సరైన నిర్ణయమేనన్నాడు. నాకూ అంతే అనిపిస్తుంది, సీజన్ మొదట్లోనే ఆ చేతిని పణంగా పెట్టడం ఎందుకు? 2025 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్, 12వ ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండిపోయి ఇంకొక్క అవుట్ కావలసి వస్తే, బంతి ఇచ్చింది కూడా ఆ కెర్షాకే. ఆ అవుట్ తీసిచ్చాడు.