డ్రీమ్11 ఆగాక వాట్సాప్‌లో ‘ఐడీ’ ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

బెంగళూరులో ఉన్నప్పుడు డ్రీమ్11 యాప్‌లో ఫాంటసీ క్రికెట్ (నిజం ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి ఆడేది) ఆడిన మీ తమ్ముడికి, హైదరాబాద్ వచ్చాక ఎవరో బెట్టింగ్ ఐడీ, అంటే పందేల సైట్‌లోకి వెళ్లే లాగిన్, ఇస్తామన్నారని రాశారు. కోర్టులే నైపుణ్యం ఆట అన్నప్పుడు తప్పేంటని అతని వాదన. నేను ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు వేస్తుంటాను. ఇలా ఆడే కుర్రాళ్ల లెక్కలు చాలా చూశాను.

ఆ ఐడీ జోలికి పోవద్దని ఇవాళే గట్టిగా చెప్పండి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో ఆడించేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఆడేవాళ్లకు శిక్ష లేదు. ఏజెంట్లు ఈ ఒక్క ముక్కే చెబుతారు. కానీ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించాయి. వాటి కింద ఆడినవాళ్ల మీదా కేసు పెట్టవచ్చు.

నైపుణ్యం మాట నిజమే. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు 1968లోనే అంది. డ్రీమ్11 గురించి పంజాబ్-హర్యానా హైకోర్టు 2017లో అదే అంది. కొత్త కేంద్ర చట్టం మాత్రం ఆ తేడానే చూడదు. గెలిస్తే డబ్బొస్తుందని డబ్బు కట్టి ఆడితే చాలు, నిషేధమే. అందుకే డ్రీమ్11 కూడా డబ్బు కాంటెస్టులు ఆపేసింది.

అసలు నైపుణ్యం ఉన్నా మిగిలేది తక్కువ. ఇద్దరు చెరో 50 రూపాయలు వేశారనుకోండి. కంపెనీ 15 ఉంచుకుని గెలిచినవాడికి 85 ఇస్తుంది. అలా 100 ఆటలకు మీరు పెట్టేది 5,000. 58 గెలిచినా చేతికొచ్చేది 4,930 మాత్రమే. అంటే సగానికి మించి గెలుస్తూ కూడా నష్టపోతారు! దీనిపైన 2023 అక్టోబర్ నుంచి వేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబర్‌లో దాన్ని 40 శాతం చేశారు. నికరంగా ఏమైనా మిగిలితే దాని మీద 30 శాతం పన్ను. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి ‘నేను ఎక్కువ గెలుస్తానండీ’ అని నమ్మకంగా అన్నాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ తీస్తే ఐపీఎల్ నెలల్లో రోజూ టాస్ పడ్డాక, ఏడున్నరలోపు, వరసగా యూపీఐ డెబిట్లు. వెనక్కి వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఐడీ దందాలో ఆ మాత్రం లెక్క కూడా ఉండదు. బ్యాలెన్స్ అంటే స్క్రీన్ మీద అంకె, అంతే. ఇంకో పెద్ద టెన్షన్ ఉంది. గెలిచిన డబ్బు ఎవరెవరి ఖాతాల నుంచో వస్తుంది. వాటిలో ఒక్కటి సైబర్ మోసం కేసులో ఉన్నా మీ తమ్ముడి ఖాతా కూడా ఫ్రీజ్ కావచ్చు. నాకు తెలిసిన ఒకతని జీతం ఖాతా ఇలాగే ఆగింది. వేరే రాష్ట్రం పోలీసులకు లెటర్లు రాసుకుంటూ ఇంటి అద్దెకు అప్పు చేశాడు.

ఇప్పటికే డబ్బు వేసి ఉంటే ఇక ఒక్క రూపాయి కూడా వేయనివ్వకండి. ‘విత్‌డ్రా కావాలంటే ముందు ట్యాక్స్ కట్టు’ అని మెసేజ్ వస్తే అది మోసమే. చాట్లు, యూపీఐ రసీదులు డిలీట్ చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఆడకుండా ఉండలేకపోతున్నాడనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.