యుద్ధం ఎక్కడో జరిగితే ఇంటికాడ ఏం మారుతది?

బాంబులు పడని ఊర్లల్ల కూడా యుద్ధంతోని జనం బతుకు మారుతదా అని అడిగిన్రు. మారుతది, ముందుగాల తిండికాడనే మారుతది. మా వరంగల్ దిక్కు పెద్దోళ్ల నోట లెవీ అనే మాట విన్నం, రెండో ప్రపంచ యుద్ధం టైంల నిజాం సర్కారు రైతుల కాడ బలవంతంగ వసూలు చేసిన ధాన్యం అది, పట్నాల రేషన్ కోసమని పెట్టిన్రు గానీ దొరలు, పట్వారీలు వాళ్ల వడ్లు దాచుకొని భారమంత చిన్న రైతు మీదనే ఏసిన్రు, ఇంట్ల పిల్లలకు గింజలు లేకున్నా కొలిచి ఇయ్యాల్సిందే. నాకైతే గిదే అన్నిటికంటే పెద్ద అన్యాయం అనిపిస్తది. 1945ల యుద్ధం అయిపోయినా లెవీ పోలే, తర్వాత తెలంగాణ సాయుధ పోరాటానికి ఆ కోపం కూడా ఒక కారణం.

1965ల పాకిస్తాన్‌తోని యుద్ధం వచ్చినప్పుడు, తిండి గింజలు తక్కువున్నయని అప్పటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు వారానికి ఒక పూట తిండి మానుమని దేశాన్ని అడిగిన్రు. ఇగ 2022ల ఉక్రెయిన్ యుద్ధం మొదలైతే హన్మకొండ కిరాణా షాపుల సన్‌ఫ్లవర్ నూనె రేటు పెరిగింది, ఎందుకంటే అప్పట్ల మన దేశం బయటికెళ్లి కొనే ఆ నూనెల ఎక్కువ భాగం అక్కడికెళ్లే వచ్చేది, అక్కడ మెడిసిన్ చదివే మన పిల్లల అమ్మానాన్నలైతే రాత్రంత ఫోన్ పట్టుకొనే కూసున్నరు.