ఆల్బమ్‌లో పాటలు ఎన్నుండాలి?

ప్రశ్న: ఇప్పుడు కొన్ని ఆల్బమ్‌లలో ఇరవై పాటలుంటున్నాయి. నాలుగైదు పాటలుంటేనే బాగుంటుందని నాకనిపిస్తుంది. మీరేమంటారు సార్?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: నాదీ మీ మాటేనమ్మా. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర పన్నెండేళ్లు క్యాసెట్లు రికార్డు చేసిచ్చాను. సీ-60 క్యాసెట్‌లో ఒక్కో వైపు 30 నిమిషాలే. చివరి పాట మధ్యలో తెగిపోతే కస్టమర్ ఊరుకోడు. అందుకని కాగితం మీద నిమిషాలు, సెకన్లు కూడుకుని, ఏ పాట తీసేయాలో తేల్చుకునేవాణ్ని. ఒక్కోసారి రెండు పాటల మధ్య ఎటూ తేలక, రెండూ మళ్లీ మళ్లీ వినేవాణ్ని. నా చెవికి పదును పెట్టింది ఆ తీసివేతే.

1948లో వచ్చిన ఎల్‌పీ అనే గ్రామఫోన్ రికార్డుకు కూడా వైపుకు ఇరవై నిమిషాల పైచిలుకే. 1982లో సీడీ వచ్చి 74 నిమిషాల చోటిచ్చింది. చోటుంది కదా అని నింపడం అప్పుడే ఎక్కువైంది. ఫోన్‌లో ఇప్పుడు ఆ హద్దూ లేదు.

అట్లని నిడివి మీద నాకు కోపం లేదు. మా ఊళ్లో మల్లన్న దేవుడి ముందు రంగుల ముగ్గులతో పట్నాలు వేసినప్పుడు తెల్లవార్లూ ఒగ్గుకథ విన్నాను. డోలు దెబ్బ మారినప్పుడల్లా నిద్ర ఎగిరిపోయేది. ఆ కథకు అంత రాత్రీ కావాలి.

మీ ఇరవై పాటల్లోంచి అరగంటకు సరిపడా ఏరి, వరుస కుదిర్చి వినండి. ఏవి వదిలేశారో నాకు తప్పకుండా రాయండి.