లింకు పంపే ముందు: టీచర్ల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా విజయవాడ, గుంటూరు బడుల నుంచే వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాళ్ల ప్రశ్నల్ని కలిపి కుదించాం.

ప్రశ్న: ఎనిమిదో తరగతి ఎఫ్‌ఏ-1 (ఫార్మేటివ్ పరీక్ష) మార్కులు గూగుల్ షీట్‌లో వేసి లింకు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి సగం వరుసలు మాయం. కొందరి మార్కులు మారిపోయాయి. పైగా ‘మా వాడి మార్కులు అందరికీ ఎందుకు చూపించారు’ అని ఒక తండ్రి కోప్పడ్డారు. ఇప్పుడేం చేయాలి?
– గణితం ఉపాధ్యాయిని, పటమట, విజయవాడ

జవాబు: మార్కులు ఎక్కడికీ పోలేదు మేడం. ముందు షేర్ బటన్ నొక్కి ‘జనరల్ యాక్సెస్’ దగ్గర చూడండి. ‘ఎనీవన్ విత్ ద లింక్’, పక్కన ‘ఎడిటర్’ అని ఉండి ఉంటుంది. దాన్ని ‘రిస్ట్రిక్టెడ్’ చేయండి. ఆ తర్వాతే కంప్యూటర్‌లో ఫైల్ మెనూ, ‘వెర్షన్ హిస్టరీ’, ‘సీ వెర్షన్ హిస్టరీ’కి వెళ్లండి. కుడిపక్క తేదీ, సమయంతో పాత ప్రతులు వరసగా కనిపిస్తాయి. లింకు పంపడానికి ముందున్న ప్రతిని ఎంచుకుని ‘రీస్టోర్ దిస్ వెర్షన్’ నొక్కితే సరి. ఈ రెండు పనులు తారుమారు చేస్తే రాత్రికి మళ్లీ అదే కథ.

ఎవరు చెరిపారని గ్రూపులో ఆరా తీయకండి. లాగిన్ కాకుండా వచ్చినవాళ్ల పేర్లు అందులో తెలియవు. చాలాసార్లు అది కావాలని చేసిన పని కూడా కాదు. ఫోన్‌లో షీట్ తెరిచి పిల్లవాడి పేరు కోసం వేలితో పైకీ కిందికీ జరుపుతుంటే ఏదో గడి తగులుతుంది, కీబోర్డు లేస్తుంది, ఉన్న అంకె పోతుంది. పోయిందని వాళ్లకే తెలియదు.

‘వ్యూయర్’ అని పెడితే సరిపోయేది కదా అనుకోవచ్చు. చెరపడం ఆగుతుంది, చూడటం ఆగదు. నిలువు వరుసల్ని ‘హైడ్’ చేసినా, చూసేవాళ్లు ఫైల్‌ను కాపీ చేసుకుంటే అవి బయటపడతాయి. ఆ తండ్రి కోపంలో న్యాయం ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలకు కన్నవాళ్ల సమ్మతి అడుగుతుంది. చట్టం మాట అటుంచినా, ఆఖరి ర్యాంకు ఎవరిదో తరగతిలో అందరి ఇళ్లకూ చెప్పాల్సిన పని బడికి లేదు. మార్కుల వరకు అయితే మా సలహా పాత పద్ధతే: పేరుపేరునా చీటీ కట్ చేసి డైరీలో అంటించి పంపండి. ప్రతిదానికీ లింకు అక్కర్లేదు.

పరీక్షే ఆన్‌లైన్‌లో పెట్టేట్టయితే గూగుల్ ఫామ్ సెట్టింగ్స్‌లో ‘మేక్ దిస్ ఎ క్విజ్’ ఆన్ చేసి, మార్కుల విడుదలను ‘లేటర్, ఆఫ్టర్ మాన్యువల్ రివ్యూ’లో ఉంచండి. మొదటి పిల్లవాడు రాయగానే జవాబులు మిగతావాళ్లకు పాకిపోకుండా ఉంటాయి. ‘వ్యూ రిజల్ట్స్ సమ్మరీ’ ఆఫ్‌లోనే ఉండాలి. అది ఆన్ అయితే ఒకరు రాసింది ఇంకొకరికి కనిపిస్తుంది. ‘లిమిట్ టు 1 రెస్పాన్స్’ పెట్టారంటే గూగుల్ లాగిన్ తప్పనిసరి అవుతుంది. ఒకే ఫోన్‌లో ఇద్దరు పిల్లలు రాసే చోట రెండోవాళ్లను అది రానివ్వదు. అలాంటి తరగతికి అది తీసేసి, రోల్ నంబరును మొదటి ప్రశ్నగా పెట్టండి. నోటుబుక్కు ఫొటోలు అప్‌లోడ్ చేయమని అడిగినా లాగిన్ కావాల్సిందే, పైగా ఆ ఫొటోలన్నీ మీ 15 జీబీ ఉచిత జాగాలోనే చేరతాయి.

ప్రశ్న: అరండల్‌పేటలో డీటీపీ చేయించిన తెలుగు ప్రశ్నపత్రం ఫైల్ తీసుకుని గూగుల్ ఫామ్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు, ఇంగ్లిషు అక్షరాలు వస్తున్నాయి. ఫైల్ పాడైందా?
– తెలుగు పండితులు, గుంటూరు

జవాబు: ఫైల్ బాగానే ఉందండీ. అది అను ఫాంట్లలో కొట్టింది. ఆ పద్ధతిలో లోపల ఉండేవి ఇంగ్లిషు సంకేతాలే, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంటు లేని చోట అసలు సంకేతాలు బయటపడతాయి. వెబ్‌లో, ఫోన్‌లో నడిచేది యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉన్న పద్ధతి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, ‘క్ష’, అరసున్న, కొటేషన్ గుర్తులు, అంకెలు ఒక్కొక్కటీ సరిచూడండి. దెబ్బతినేవి సాధారణంగా అవే.

మీ దగ్గర పీడీఎఫ్ గానీ అచ్చు కాగితం ఫొటో గానీ ఉంటే ఇంకో దారి: గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, కంప్యూటర్‌లో దాని మీద కుడి క్లిక్ చేసి ‘ఓపెన్ విత్ గూగుల్ డాక్స్’ అనండి. బొమ్మలోని తెలుగును అక్షరాలుగా తీసి ఇస్తుంది. కాగితం వంకరగా ఉన్నా, రెండు కాలమ్‌లు ఉన్నా వరస తప్పుతుంది. భిన్నాలు, పట్టికలు మళ్లీ కొట్టుకోవాల్సిందే. కొత్తగా రాసేటప్పుడు డాక్స్‌లో టూల్స్ మెనూలోని ‘వాయిస్ టైపింగ్’లో తెలుగు ఎంచుకుని చదివితే సరి. క్రోమ్ బ్రౌజర్ వాడండి, ఫ్యాను చప్పుడుకు దూరంగా కూర్చోండి. వచ్చేసారి డీటీపీ వారికి ‘యూనికోడ్‌లో కొట్టి వర్డ్ ఫైల్ ఇవ్వండి’ అని ముందే చెప్పండి. అచ్చులో అందం కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సూరన్న, రామభద్ర ఉచితంగా దొరుకుతాయి.

ప్రశ్న: మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఫొటోను అసభ్యంగా మార్ఫింగ్ చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. అబ్బాయిల గ్రూపుల్లో తిరుగుతోంది. సాక్ష్యంగా ఉంటుందని స్క్రీన్‌షాట్ తీసి స్టాఫ్ గ్రూపులో పెడదామని ఒకరంటే, పరువు సమస్య, లోలోపల సర్దేద్దామని మరొకరు అంటున్నారు.
– పేరు, ఊరు వద్దన్నారు

జవాబు: రెండూ వద్దు. రెండూ నేరానికే దారితీస్తాయి.

పిల్లల అసభ్య చిత్రాన్ని పంపడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఐటీ చట్టం 67బి సెక్షన్ కిందికి వస్తుంది. ఆధారం కోసమన్న ఉద్దేశంతో స్టాఫ్ గ్రూపులో పెట్టినా, ఆ చిత్రం ఇంకో ఇరవై ఫోన్లలోకి చేరినట్టే. అందుకని బొమ్మ జోలికి పోకుండా కాగితం మీద ఇవి రాసుకోండి: పోస్టు లింకు, ఖాతా యూజర్‌నేమ్, చూసిన తేదీ, సమయం, గ్రూపు పేరు, మీకు చెప్పినవాళ్లు ఎవరు. పైన కనిపించే పేరు రోజుకొకటి పెట్టుకోవచ్చు కాబట్టి యూజర్‌నేమే ముఖ్యం. అమ్మాయి చేత ఖాతా మూయించకండి, బెదిరింపు మెసేజ్‌లు వచ్చి ఉంటే చెరిపించకండి. దర్యాప్తుకు కావాల్సింది అవే.

పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం శిక్షార్హం, సంస్థ అధిపతికి ఆ శిక్ష ఎక్కువ. కనుక ‘లోపల సర్దడం’ హెచ్‌ఎం చేతుల్లో ఉన్న విషయం కాదు. ముందు అమ్మాయి అమ్మానాన్నలతో ఎదురుగా కూర్చుని మాట్లాడండి, ఫోన్‌లో వద్దు. అదే రోజు పోలీస్ స్టేషన్‌లో గానీ, సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో మహిళలు, పిల్లలపై నేరాల విభాగంలో గానీ ఫిర్యాదు ఇవ్వండి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ తోడుంటుంది. 1930 ప్రధానంగా డబ్బు పోయిన మోసాలకు, ఆ నంబరు దగ్గర సమయం పోగొట్టుకోకండి.

ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఆ పోస్టును రిపోర్ట్ చేయండి. ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ కూడా ఉంది, 18 ఏళ్ల లోపువాళ్ల చిత్రాల కోసం. అది బొమ్మను ఎక్కడికీ పంపదు, ఫోన్‌లోనే దాని నుంచి ఒక సంకేత సంఖ్య తయారుచేసి, అందులో చేరిన వేదికలకు ఇస్తుంది. వాట్సాప్ లాంటి గుప్త సంభాషణల్లో తిరిగేదాన్ని మాత్రం అది ఆపలేదు. అక్కడ పిల్లల చేతే మెసేజ్‌ను రిపోర్ట్ చేయించాలి. తరగతిలో మాట్లాడాల్సి వస్తే అమ్మాయి ఊసే రానివ్వకండి. ‘ఆ రోజు ఫొటో ఎందుకు పెట్టావు’ అన్న మాట స్టాఫ్ రూమ్‌లో కూడా వినిపించకూడదు.

ప్రశ్న: ప్రాజెక్టు పనులు చాట్‌జీపీటీతో రాయించుకొస్తున్నారు. పట్టుకునే సైట్లలో ఏది మంచిది?
– సాంఘిక శాస్త్రం టీచరు, మంగళగిరి

జవాబు: ఏదీ వద్దు. అవి చెప్పేది అంచనా మాత్రమే. చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన గుర్తింపు పరికరాన్ని, కచ్చితత్వం తక్కువని 2023 జులైలో తీసేసింది. శుద్ధంగా రాసే పిల్ల దోషిగా తేలితే మీరు ఏం జవాబు చెప్తారు?

ప్రశ్న మార్చండి. ‘ప్రకాశం బ్యారేజీ గురించి రాయుము’ అంటే యంత్రానికి క్షణం పని. దాని బదులు, యంత్రం రాసిన పేరా ఒకటి మీరే తీసి, అచ్చు వేసి ఇచ్చి, అందులోని ప్రతి పేరు, సంవత్సరం, కొలత సరిచూసి పక్కన ఆధారం రాయమనండి. 1855లో పూర్తయిన పాత ఆనకట్టను, 1957 నాటి బ్యారేజీని కలిపేశారేమో, ఎవరు కట్టించారన్నది దేని గురించి చెప్పారో పిల్లలే పట్టుకోవాలి. దిద్దిన దానికి సగం మార్కులు, ఆధారానికి సగం. ఇంటి నుంచి రాసుకొచ్చిన దానిమీద రెండు నిమిషాలు నోటితో అడగండి, ఎవరి రాత ఎవరిదో తెలిసిపోతుంది. చాట్‌జీపీటీ నిబంధనల ప్రకారం 13 ఏళ్ల లోపువాళ్లు వాడకూడదు, 18 లోపువాళ్లకు కన్నవాళ్ల అనుమతి కావాలి. ఆరు, ఏడు తరగతుల పిల్లల చేత ఖాతాలు తెరిపించకండి.

ప్రశ్న: వాన పడితే చాలు, గ్రూపుల్లో బుడమేరు వాగు గట్టు తెగిందని వీడియోలు. పిల్లలకు నిజం తేల్చడం ఎలా నేర్పాలి?
– సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: మీ పేటకు ఇది పాఠ్యాంశం కాదు, బతుకు. 2024 సెప్టెంబరు వరద తర్వాత ఆ భయాన్ని తేలిగ్గా తీసేయలేం. అందుకే వదంతి అంత తొందరగా పాకుతుంది. తప్పుడు వీడియోల్లో ఎక్కువ భాగం కల్పితాలు కావు, పాతవి. ఊరు నిజమే, దుకాణాల బోర్డులు నిజమే, తేదీ ఒక్కటే అబద్ధం. కనుక బోర్డులు చూసి నమ్మడం పనికిరాదు. స్పష్టంగా ఉన్న చోట వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీయించండి, గూగుల్ లెన్స్‌లో వెతికించండి, ఫలితాల్లో అన్నిటికంటే పాత తేదీ చూడమనండి. ఏమీ దొరక్కపోతే అది నిజమని కాదు, తేలలేదని అర్థం. అప్పుడు కలెక్టరేట్ ప్రకటన చూడాలి. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటే అది ఎన్నో చేతులు మారి వచ్చినట్టు. తప్పని తేలితే ఆ గ్రూపులోనే రెండు వాక్యాలు రాయించండి, వీడియో మళ్లీ జత చేయకుండా.

ప్రశ్న: వార్షికోత్సవంలో పిల్లల సినిమా పాట డాన్సు యూట్యూబ్‌లో పెట్టవచ్చా?
– కొరిటెపాడు, గుంటూరు

జవాబు: బడిలో, పిల్లలు, సిబ్బంది, తల్లిదండ్రుల ముందు వేసుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. యూట్యూబ్‌కు అది వర్తించదు. సాధారణంగా పాట హక్కుదారు తరఫున ‘కంటెంట్ ఐడీ క్లెయిమ్’ వస్తుంది. దానివల్ల ప్రకటనల ఆదాయం వాళ్లకు పోవచ్చు, వీడియో ఆగిపోవచ్చు, ఛానల్‌కు శిక్ష ఉండదు. ‘స్ట్రైక్’ (కాపీరైట్ ఉల్లంఘనకు పడే హెచ్చరిక) వేరు: 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోతుంది. ‘అన్‌లిస్టెడ్’ పెట్టినా లింకు చేతికొచ్చిన ఎవరైనా చూడగలరు. ఏదైనా పెట్టేట్టయితే ముందు తల్లిదండ్రుల సంతకం తీసుకోండి, వివరణలో పిల్లల పూర్తి పేర్లు, సెక్షన్ రాయకండి.